డయాలసిస్ యూనిట్లో పనిచేస్తాను, హిప్నోథెరపీ మొదటినుంచి నేర్చుకోవాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజువాక టెక్నీషియన్

అందరికీ నమస్కారం. నేను వైజాగ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఆరేళ్లయింది. ఉండేది గాజువాక. పొద్దున ఆరింటి షిఫ్టు కోసం ఐదుంపావుకే బండి తీస్తాను. సైకాలజీ చదువుకోలేదు. అందుకే ఏమీ తెలియనివాడికి చెప్పినట్టు చెప్పండి.

మా దగ్గరికి భీమిలి వైపు నుంచి ఒకావిడ వారానికి మూడుసార్లు వస్తారు. యాభై దాటాయి. ఎడమచేతికి ఫిస్టులా ఉంది, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు. వచ్చినప్పుడల్లా రెండు సూదులు పెట్టాలి, 16 గేజివి. మామూలు ఇంజెక్షన్ సూది కన్నా బాగా లావు. సూది కవరు చింపిన చప్పుడు వినబడితే చాలు, ఆవిడ మొహం గోడవైపు తిప్పేసి చెయ్యంతా కర్రలా బిగించేస్తారు. అలా బిగిస్తే సూది పక్కకు పోతుంది. రెండుసార్లు అలాగే అయి చెయ్యి ఉబ్బి, మోచేతి దాకా నల్లగా కమిలిపోయింది. "నా ఖర్మ బాబూ, నువ్వేం చేస్తావులే" అన్నారు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మొన్న ఒకరోజు స్పిరిట్ రాస్తూ ఊరికే అడిగాను, "అమ్మా, వంజరం పులుసు మీరెలా పెడతారు?" అని. ఆవిడ మొదలుపెట్టారు. మట్టిదాకలోనే పెట్టాలట. ముక్కలు వేశాక గరిటె ముట్టుకోకూడదట, దాకనే గుడ్డతో పట్టుకుని రెండువైపులా కదపాలట. కళ్లు సగం మూసుకుని, కుడిచెయ్యి గాల్లో తిప్పుతూ చెబుతున్నారు. ఎడమచెయ్యి నా చేతిలో మెత్తగా ఉంది. రెండు సూదులూ పెట్టి టేపు వేసేశాక కిందికి చూసి "అప్పుడే పెట్టీసేవా?" అన్నారు.

ఆ మాట నన్ను వదలడం లేదు. ఇంటికొచ్చి వెతికితే ఇదంతా హిప్నోథెరపీకి, అంటే మాటలతో మనసును ఒకచోట నిలిపి చేసే చికిత్సకు, దగ్గరగా ఉందని అర్థమైంది. యూట్యూబ్‌లో చూస్తే ఒకాయన చిటికె వేస్తాడు, ఎదుటి మనిషి కుప్పకూలిపోతాడు. అలాంటిది నాకు అక్కర్లేదు. ద్వారకానగర్ దగ్గర ఒక హోటల్ హాల్లో రెండు రోజుల కోర్సు ఉందట, 18 వేలు, చివర్లో మాస్టర్ సర్టిఫికెట్ ఇస్తారట. గత జన్మలు చూపించడం కూడా అందులోనే నేర్పుతారట. ఆ డబ్బు నాకు నెల జీతంలో దాదాపు సగం.

ఇది నిజంగా పనిచేసే విద్యేనా? నాలాంటివాడు నేర్చుకోవచ్చా? ఆ కోర్సులో చేరనా? తెలియక చేస్తే అవతలివాళ్లకు ఏమైనా అవుతుందా? అన్నిటికన్నా ఈ చివరిదే నాకు భయం.

ఎంవీపీ కాలనీ

తమ్ముడూ, ఆ కోర్సు లాంటిదే నేను రెండేళ్ల క్రితం చేశాను. పేరు, ఊరు చెప్పను. నా అనుభవం మాత్రం చెబుతాను, ఆ తర్వాత నీ ఇష్టం.

రెండోరోజు మధ్యాహ్నం నలభైమందిని కింద చాపల మీద పడుకోబెట్టి ఒకేసారి గత జన్మకు తీసుకెళ్లారు. నాకు ఒక చెరువు కనబడింది. అందులో ఒక పాప మునిగిపోతోంది, నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. లేచాక "అది నీ పూర్వజన్మలో నీ బిడ్డ" అన్నారు. టీ తాగి ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత మూడు నెలలు మా అమ్మాయిని స్విమ్మింగ్‌కి పంపలేదు, బాత్రూమ్‌లో బకెట్ నిండా నీళ్లుంటే పారబోసేదాన్ని. చివరికి మా ఆయన ఒక సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లారు. ఆ స్థితిలో మనసు అల్లిన బొమ్మ కూడా నిజంగా జరిగిన జ్ఞాపకంలాగే అనిపిస్తుందని, అది నేను ఎక్కడో చూసిన, విన్న ముక్కలతో కట్టుకున్నదని ఆవిడ ఓపిగ్గా విడమర్చి చెప్పారు. నాలుగుసార్లు వెళ్లాక తేరుకున్నాను.

నీ చేపల పులుసు దారే మంచిది. ఆ 18 వేలు దగ్గర పెట్టుకో.

చినవాల్తేరు

బాబూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. హిప్నాసిస్ అందరికీ వాడలేదు, వాడవలసిన చోట మాత్రం ధైర్యంగా వాడాను. నువ్వు అడిగిన చివరి ప్రశ్న చూశాకే ఇంత రాయాలనిపించింది. అవతలివాళ్లకు ఏమవుతుందో అని ముందు భయపడేవాడికి ఈ విద్య నేర్పవచ్చు.

ఆ రోజు నువ్వు చేసింది దానికి చాలా దగ్గర. ఆవిడ చెయ్యి నీ దగ్గరుంది, ఆవిడ మాత్రం పొయ్యి దగ్గరున్నారు. హిప్నాటిజం అన్న మాటను 1840ల్లో వాడుకలోకి తెచ్చినవాడు జేమ్స్ బ్రెయిడ్, మాంచెస్టర్‌లో ఉండే స్కాట్లాండ్ సర్జన్. గ్రీకులో నిద్ర అనే మాటనుంచి పేరు పెట్టాడు. కొన్నేళ్లకే, ఇది నిద్ర కాదు, మనసు ఒకే ఆలోచన మీద నిలిచిపోవడం అని గ్రహించి పేరు మార్చబోయాడు. అప్పటికే పాత పేరు జనం నోట్లో పడిపోయింది. నా దగ్గరికి వచ్చినవాళ్లు కూడా "మళ్లీ మెలకువ వస్తుందా?" అనే అడిగేవారు. వస్తుంది. ఎందుకంటే అసలు నిద్రే పోరు. నువ్వు మధ్యలో లేచి వెళ్లిపోయినా వాళ్లంతట వాళ్లు కళ్లు తెరుస్తారు, లేదా ఓ కునుకు తీసి లేస్తారు.

బ్రెయిడ్ కన్నా ముందే మన గోవాలో పుట్టిన ఫారియా అనే ఫాదరీ పారిస్‌లో ఇంకో మంచి మాట చెప్పాడు. శక్తి చేయించేవాడి చేతుల్లోంచి రాదు, అవతలి మనిషి మనసులోనే ఉంటుంది అని. పణజీలో ఆయన విగ్రహం ఉంది. అందులో ఆయన చేతులు చాచి నిలబడితే ఒక స్త్రీ వెనక్కి వాలిపోతూ ఉంటుంది. శిల్పం చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ, ఆయన చెప్పినదానికి అది ఎదురుగా నడుస్తున్నట్టు అనిపించింది నాకు.

స్టేజీ మీద కుప్పకూలడం సంగతి. పట్టాభిరామ్ గారి ప్రదర్శనలు చూస్తూ పెరిగిన తరం మాది, కాబట్టి ఆ సరదా నాకూ తెలుసు. అక్కడ ముందు హాలందరి చేతా చేతులు కలిపి బిగించమంటారు, ఎవరు బాగా స్పందించారో చూసి వాళ్లనే పైకి పిలుస్తారు. హిప్నాసిస్‌కి లోనయ్యే గుణం మనిషి మనిషికీ మారుతుంది. 1959లో స్టాన్‌ఫర్డ్‌లో వైట్జెన్‌హాఫర్, హిల్గార్డ్ దాన్ని కొలిచే పద్ధతి తయారుచేశారు. సుమారు పది పదిహేను శాతం మందికి చాలా తేలిగ్గా వస్తుంది, దాదాపు అంతేమందికి అసలు రాదు, మిగిలినవాళ్లు మధ్యలో ఉంటారు. రానివాళ్ల విషయంలో నీ తప్పేమీ లేదు, వాళ్ల తప్పు అంతకన్నా లేదు.

పనిచేస్తుందా అంటే, కొన్నిటికి బాగానే పనిచేస్తుంది. నీ పనికి దగ్గరైనది ఒకటి చెబుతాను. ఎల్విరా లాంగ్ అనే రేడియాలజిస్టు బృందం 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వేసింది. మనిషి మెలకువగా ఉండగానే గొట్టాలు, తీగలు లోపలికి పంపి చేసే చికిత్సల్లో 241 మందిని చూశారు. చికిత్స బల్ల మీదే స్వీయ హిప్నాసిస్‌తో సడలించినవాళ్లకు నొప్పి, ఆందోళన తగ్గాయి, చికిత్స కూడా తొందరగా ముగిసింది. పేగుల సమస్య ఐబీఎస్‌కి మాంచెస్టర్‌లో వోర్‌వెల్ 1984 నుంచి చేసిన పని కూడా గట్టిదే. కానీ హిప్నాసిస్ కిడ్నీని బాగుచెయ్యదు, షుగరు తగ్గించదు, పోయిన జ్ఞాపకాన్ని సరిగ్గా తెచ్చిపెట్టదు. పైన ఎంవీపీ కాలనీ అమ్మాయి రాసింది అక్షరాలా నిజం. ఆ చెరువు కథ లాంటివి నేను ఎన్నో విన్నాను.

ఇక నేర్చుకోవడం. మొదటి రెండు నెలలు ఇంకొకరి మీద చెయ్యకు, నీ మీద నువ్వే చేసుకో. షిఫ్టు అయ్యాక, స్నానం చేసి, మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చో. పాదాలు నేల మీద ఆనాలి. గోడ మీద కళ్లకు కాస్త పైన ఒక చుక్క చూసుకో. రెప్ప వాల్చకుండా చూస్తుంటే కళ్లు అలసిపోతాయి, అప్పుడు మూసుకో. లోపలికి పీల్చిన దానికన్నా బయటికి వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలి. పాదాల దగ్గర మొదలుపెట్టి పిక్కలు, తొడలు, పొట్ట, భుజాలు, దవడ దాకా ఒక్కోటీ ఐదు సెకన్లు బిగించి వదిలెయ్యి. ఈ బిగించి వదలడం ఎడ్మండ్ జాకబ్‌సన్ అనే అమెరికన్ డాక్టరు పెట్టిన పద్ధతి. దవడ దగ్గర ఎక్కువసేపు ఆగు. రోజంతా నవ్వుతూ మాట్లాడేవాళ్ల బిగువంతా అక్కడే ఉంటుంది. తర్వాత పది నుంచి ఒకటి దాకా, ఒక్కో అంకెకు ఒక్కో ఊపిరి. అడుగున ఒకే ఒక్క వాక్యం చెప్పుకో. మళ్లీ ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టుకుంటూ పైకి రా, చేతులు చాపు, నీళ్లు తాగు. పది నిమిషాలు చాలు. అయిన వెంటనే బండి తియ్యకు. రికార్డు చేసుకున్న గొంతును హైవే మీద ఇయర్‌ఫోన్లో వినే పని అసలే వద్దు.

మొదటి వారం ఏమీ కాదు. "ఏమీ కావడం లేదు" అని నీకు కోపం వస్తుంది. ఆ కోపం ఎలా ఉంటుందో తెలియనివాడు అవతలివాళ్ల దగ్గర ఓపిక పట్టలేడు. అందుకే ముందు నీ మీద అంటున్నాను.

అసలు పని తెలుగులో ఉంది. ఇంగ్లీషు స్క్రిప్టును తెలుగు చేసి చదివితే కోర్టులో తీర్పు చదివినట్టు ఉంటుంది. "నిద్రపోండి" అంటే మనవాళ్లు నిజంగానే గురకపెడతారు. "మత్తుగా ఉంది" అంటే మందు గుర్తొస్తుంది. "సమ్మోహనం" అన్నావా, అమ్మలు వశీకరణమా అని లేచి వెళ్లిపోతారు. ఆ మాటలేవీ అక్కర్లేదు. "కళ్లు మూసుకోండి" కన్నా "మూసుకోవాలనిపిస్తే మూసుకోండి" మెత్తగా ఉంటుంది. మిల్టన్ ఎరిక్సన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు ఇలా అనుమతి ఇచ్చినట్టు మాట్లాడటానికి పేరుపడ్డాడు. మన భాషలో దానికి మాట సిద్ధంగానే ఉంది: భుజాలు జారనివ్వండి, చెయ్యి బరువుగా ఆననివ్వండి, ఊపిరి దాని దారిన పోనివ్వండి. ఈ "నివ్వండి" నోటికి పట్టేదాకా ఒంటరిగా పలుకు. వాళ్లు ఊపిరి వదిలేటప్పుడే నీ మాట రావాలి.

ఇంకోటి, "ఊ కొట్టడం". మా అమ్మమ్మ కథ చెబుతూ ఊ కొట్టమనేది. ఊ సన్నబడితే నిద్ర వస్తోందని ఆవిడకు తెలిసేది. నేను నా పేషెంట్లను అదే అడిగాను. "మధ్యమధ్యలో ఊ అంటూ ఉండండి." ఆ ఊ ఎలా ఉందో విను. గట్టిగా, తొందరగా వస్తే మనిషి ఇంకా పైనే ఉన్నారు. మెల్లగా, ఆలస్యంగా వస్తే లోపలికి వెళుతున్నారు. ఒక్కసారిగా ఆగిపోతే నువ్వూ ఆగు.

ఆగకపోవడం వల్ల నేను చేసిన తప్పొకటి చెప్పాలి. మనిషిని గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. హుద్‌హుద్ తుఫాను వచ్చి ఏడాది కాలేదు. సముద్రం దగ్గర వీధినుంచి ఒకావిడ నిద్ర పట్టడం లేదని వచ్చింది. శిక్షణలో నాకు నేర్పిన స్క్రిప్టు ఒకటుంది, ఒడ్డున ఇసుక, అలల చప్పుడు, చల్లటి గాలి. వైజాగ్ మనిషికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. కాగితం చూసి చదువుతున్నాను. "గాలి" అన్నచోటే ఆవిడ వేళ్లు కుర్చీ చేతిని పట్టుకున్నాయట. నేను చూడలేదు. పక్కన ట్రైనీగా కూర్చున్న అమ్మాయి తర్వాత చెప్పింది. "గాలి మెల్లగా పెరుగుతోంది" అని చదివాను. ఆవిడ లేచి తలుపు దగ్గరికి పరుగెత్తింది, గడియ తియ్యడం రాక తలుపును అరచేతులతో కొట్టింది. 2014 అక్టోబరు 12న ఇంటి రేకులు లేచిపోతుంటే ఇద్దరు పిల్లల్ని మంచం కిందికి తోసి, పైన తను పడుకుని ఉందట ఆవిడ. నేను అడగలేదు. అడగకుండానే ఆవిడను సముద్రం దగ్గరికి తీసుకెళ్లాను.

కూర్చోబెట్టి, చెప్పులు విప్పించి, పాదాలు చల్లటి గచ్చు మీద ఆనించి, గదిలో ఏమేం కనబడుతున్నాయో ఒక్కోటీ పేరు చెప్పమన్నాను. ఫ్యాను. క్యాలెండరు. నీళ్ల సీసా. ఊపిరి కుదుటపడింది. వారం తర్వాత మళ్లీ వచ్చింది, అది ఆవిడ గొప్పతనం. ఈసారి అడిగాను, "మీకు ఎక్కడుంటే హాయిగా ఉంటుంది?" పలాస దగ్గర అమ్మగారి ఊరి జీడితోట అంది. మిట్టమధ్యాహ్నం, చెట్టుకింద, ఎండుటాకుల మీద గోనెపట్టా పరుచుకుని. గాలి లేని చోటు. నాకు తట్టేది కాదు అది. అప్పటినుంచి ఏ పేషెంటు దగ్గరా చోటు నేను చెప్పలేదు, వాళ్లనే అడిగాను. నీ పేషెంటుకి పులుసు నువ్వు వండలేదు కదా, ఆవిడే వండుకున్నారు. దాన్ని వదలకు.

ఎవరి జోలికి వెళ్లకూడదో కూడా విను. ఎవరూ లేకుండానే మాటలు వినబడేవాళ్లు, లేనిపోని అనుమానాలున్నవాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు, చచ్చిపోవాలనుందని అనేవాళ్లు, పాత దెబ్బ ఏదో మనసులో మోస్తున్నట్టు కనబడేవాళ్లు. వీళ్లకు నువ్వు చెయ్యవలసింది ఒక్కటే, డాక్టరుకు చెప్పడం. మా చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఫోన్లో మాట్లాడాలంటే టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

సర్టిఫికెట్ గురించి. రెండు రోజుల కాగితంతో ఎవరూ థెరపిస్టు అయిపోరు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి, అక్కడ రిజిస్టరైనవాళ్లు. నీకు చదవాలని ఉంటే, డిగ్రీ ఉన్నవాళ్లు కాలేజీకి వెళ్లి ఎం.ఏ. సైకాలజీ చెయ్యవచ్చు. ఇదివరకు ఇగ్నో దూరవిద్యలోనూ ఉండేది, 2025లో సైకాలజీకి దూరవిద్య ఆపెయ్యమని యూజీసీ చెప్పింది. ఆ ఎం.ఏ.తోనూ చికిత్స చేసే హక్కు రాదు, కానీ మనిషి మనసు ఎలా నడుస్తుందో తెలుస్తుంది. అంతదాకా నువ్వు చేసేదాన్ని హిప్నోథెరపీ అని ఎవరికీ చెప్పకు. సూది పెట్టేటప్పుడు మనిషిని సడలించడం అను. అదే నిజం కూడా.

హెడ్ నర్స్ అక్క

చినవాల్తేరు మేడమ్ చెప్పినవన్నీ బాగున్నాయి. డయాలసిస్‌లో పందొమ్మిదేళ్లు చేసినదాన్ని కాబట్టి మా వైపునుంచి రెండు సంగతులు చెప్పాలి. ఇవి చాలా ముఖ్యం తమ్ముడూ.

మెషీన్ ఒంట్లోంచి నీళ్లు లాగేటప్పుడు బీపీ పడిపోవడం మనకు రోజూ ఉన్నదే. పడబోయే ముందు మనిషి ఎలా ఉంటారు? ఆవలిస్తారు, కళ్లు మూతలు పడతాయి, మాట నెమ్మదిస్తుంది, చెమట పడుతుంది. ఇప్పుడు నువ్వు నీ గొంతుతో కళ్లు మూతలు పడేలా చేశావనుకో, అది నీ సడలింపో, బీపీ 80కి వచ్చిందో ఎవరు చెబుతారు? అందుకని మెషీన్ నడుస్తున్నంతసేపు లోతుగా తీసుకెళ్లే పని వద్దే వద్దు. సూదులు పెట్టే ఆ ఐదు నిమిషాలే నీవి. పెట్టాక పూర్తిగా పైకి తీసుకొచ్చి, పేరు పెట్టి పిలిచి, బీపీ చూసి, అప్పుడు మెషీన్ లైన్లు కలుపు.

రెండోది, చెయ్యి మొద్దుబారినట్టు చేసే సూచనలు ఉంటాయని విన్నాను. మన దగ్గర అది ప్రమాదం. సూది పక్కకు జారి రక్తం బయటికి వస్తుంటే మొదట చెప్పేది పేషెంటు నొప్పే. ఆ నొప్పి మనకు కావాలి. సూది వెళ్లే క్షణంలో భయం తగ్గించు, చేతి స్పర్శను మాత్రం తియ్యకు.

మీ కిడ్నీ డాక్టరుకు (నెఫ్రాలజిస్టుకు) చెప్పకుండా ఏదీ మొదలుపెట్టకు. పేషెంటు ఇంటివాళ్లకు కూడా ఒక మాట చెప్పు.

గాజువాక టెక్నీషియన్

అక్కా, బీపీ సంగతి నాకు తట్టనే లేదు. పాదాభివందనం. కోర్సు మానేశాను.

మేడమ్, ఒక్కటి అడగాలి. సూది పెట్టే ముందు మేమందరం "కొంచెం నొప్పెడుతుంది, భయపడకండి" అంటాం. ఆరేళ్లుగా నా నోట్లోంచి అదే వస్తోంది. అది మానేసి ఏమనాలి?

చినవాల్తేరు

మంచి చోట పట్టుకున్నావు. నొప్పి, భయం అనే మాటలు ముందే చెవిలో పడితే మనసు వాటినే వెతుక్కుంటుంది. అలా హెచ్చరించినప్పుడు నొప్పి ఇంకా ఎక్కువ అనిపిస్తుందని పరిశోధనల్లో కూడా చూశారు. అలాగని "ఏమీ అనిపించదు" అని అబద్ధం చెప్పకు. ఒక్కసారి అబద్ధమైతే ఆ తర్వాత నీ గొంతును నమ్మరు.

జరిగేది జరిగినట్టు చెప్పు. "ఇప్పుడు స్పిరిట్ చల్లగా తగులుతుంది... ఊపిరి పొడుగ్గా వదలండి... ఇప్పుడు నా వేలు తగులుతుంది... చెయ్యి దిండు మీద ఆననివ్వండి... ఇంకోసారి వదలండి..." ఆ వదిలే ఊపిరి మధ్యలో సూది. అది అయ్యాక "అయింది" అను. ఆ "అయింది" మాత్రం స్పష్టంగా, మామూలు గొంతుతో అను. చాలామంది అది మర్చిపోతారు, పాపం అవతలివాళ్లు ఇంకా రావాల్సింది ఉందేమో అని బిగుసుకునే ఉంటారు.

గాజువాక టెక్నీషియన్

తొమ్మిది వారాలైంది, చెప్పినట్టే రాస్తున్నాను.

నా మీద నేను రోజూ చేసుకున్నాను, ఐదారు రోజులు తప్పాయి. నాలుగో వారంలో మొదటిసారి దవడ వదులైంది. అంతవరకు అది బిగిసి ఉందని కూడా నాకు తెలియదు. "నివ్వండి" మాటలు షీలానగర్ నుంచి కూర్మన్నపాలెం దాకా బండి మీద బయటికే పలికాను, అది మేడమ్ వద్దన్న రికార్డింగు కాదు, మాటలు అలవాటు కావడానికి.

డాక్టరుగారికి ముందే చెప్పాను. విని, సూదుల వరకే అయితే చెయ్యమన్నారు. ఎనిమిది వారాలు నిండాక భీమిలి అమ్మగారి దగ్గర మొదలుపెట్టాను. వాళ్ల అబ్బాయికి కూడా చెప్పాను. మొదటిరోజు బాగా జరిగింది. రెండోరోజు పక్క బెడ్డు మెషీన్ అలారం మోగింది, ఆవిడ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు, చెయ్యి బిగిసింది. ఊ ఆగిపోయింది. నేనూ ఆగాను. సూది ట్రేలో పెట్టేసి, నీళ్లిచ్చి, పది నిమిషాల తర్వాత మళ్లీ మొదలుపెట్టాను. ఇదివరకైతే షిఫ్టు తొందరలో అలాగే పెట్టేసేవాడిని. మూడోరోజు నేను అడగకముందే ఆవిడ "ఇయ్యాల పులుసొద్దు, పండుమిరపకాయ పచ్చడి" అన్నారు. రోట్లో నూరేది చెబుతూ ఊ, ఊ అంటూ ఉన్నారు. బీపీ చూసి లైన్లు కలిపాను. ఈ మూడుసార్లూ చెయ్యి కమలలేదు.

ఇంకొకాయన ఉన్నారు, రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఆయన దగ్గర ఇది అస్సలు పనిచెయ్యలేదు. కళ్లు మూసుకోరు. హాయిగా ఉండే చోటు చెప్పమంటే "నాకు అలాంటివి రావు" అన్నారు. సూది లోపలికి వెళ్లేదాకా దాన్నే చూస్తూ ఉంటారు, చూస్తూ చూస్తూ చెమటలు పడతాయి. ఆయన్ని వేరేవైపు తిప్పాలా మేడమ్?

చినవాల్తేరు

తిప్పకు. కొందరికి చూడటమే ధైర్యం. చూడనివ్వు.

ఆయన లెక్కల మాస్టారు కదా, 300 నుంచి ఏడేసి తగ్గిస్తూ పైకి చెప్పమను. 293, 286, 279. ఏ అంకె దగ్గర పెట్టాలో ఆయన్నే నిర్ణయించమను. ఆయన ఆ అంకె చెప్పగానే నువ్వు సూది పెట్టు, అంతకుముందు మాత్రం వద్దు. ఎలా జరిగిందో రాయి.